మా ఆయనా, ఆ లాంతరు వాళ్ళూ

మా ఆయన పేరు పాండురంగయ్య. ఇబ్రహీంపట్నం థర్మల్ స్టేషన్లో బాయిలర్ దగ్గర ఆపరేటర్‌గా చేరి అక్కడే రిటైరైన మనిషి. తాగడు, పేకాడడు, ఒకరి జోలికి పోడు. "అంత మంచి ఆయన దొరికాడు, నీకేం తక్కువ చౌడేశ్వరమ్మా" అంటారు నా దగ్గర చీరలు కొనే ఆడవాళ్ళు. వాళ్ళకేం, చీర సంచిలో వేసుకుని చక్కా పోతారు. లాంతరు వాళ్ళతో కాపరం చేసింది నేను.

లాంతరు వాళ్ళంటే బ్లూ లాంతర్న్ అని ఒక ఇంగ్లీషు పాటల బృందం. మా పెళ్ళికి ముందే పుట్టి, మా పెళ్ళికి ముందే తన్నుకుని విడిపోయారు. ఆ ఉన్న నాలుగు రోజుల్లో చేసిన పాటలు పట్టుకుని మా ఆయన జీవితమంతా వేలాడాడు. వాళ్ళది రాక్ అట. మామూలు రాక్ కాదట, జాజ్ కలిపిన రాక్ అట. రెండూ కలపడం ఎందుకండీ, ఏదో ఒకటి సరిగ్గా వాయించి చావొచ్చు కదా అని కొత్తలో ఒకసారి అడిగాను. "గాడిదకేం తెలుసు గంధపు చెక్కల వాసన" అన్నాడు. పెళ్ళైన నెలకే నన్ను గాడిదన్న మనిషి, ఆ బృందంలో సాక్సఫోన్ ఊదేవాడిని ఏనాడూ పల్లెత్తు మాట అనలేదు.

ఈ దరిద్రం మా ఇంటికి ఎలా వచ్చిందో కూడా చెప్తాను. మా మామగారు మగ్గం నేసేవారు. పౌరాణిక నాటకాల పద్యాలంటే ప్రాణం. ఆయన కోసం మా ఆయన కుర్రతనంలో బీసెంట్ రోడ్డు ఫుట్‌పాత్ మీద ఒక పద్యాల క్యాసెట్ కొన్నాడు. ఇంటికొచ్చి డబ్బా తెరిస్తే లోపల వేరే క్యాసెట్ ఉంది. మామగారు "పోయి మార్చుకు రారా" అన్నారు. మార్చే ముందు ఇదేమిటో చూద్దామని టేప్‌రికార్డర్‌లో పెట్టాడు. అంతే. మామగారు బతికున్నంతకాలం పద్యాల క్యాసెట్ ఏదిరా అని అడుగుతూనే ఉన్నారు. పాపం, ఆ పద్యాలు వినకుండానే పోయారు.

ఆ క్యాసెట్‌లో రెండో వైపు మూడో పాట ఉంది. మా ఇంట్లో దాన్ని 'ఆ పాట' అంటాం. పేరేదో ఉంది, నా నోటికి రాదు, రానివ్వను. పియానో మొదలవుతుంది. ఏదో అడుగుతున్నట్టు వాయించి ఆపుతుంది. దానికి సాక్సఫోన్ జవాబు చెప్పాలట. చెప్పదు. డ్రమ్ముల వాడు కర్రలు పక్కన పడేసి, చీపురులాంటిదేదో పట్టుకుని స్స్ స్స్ అని ఊడుస్తూ ఉంటాడు. గిటారు వాడు మధ్యలో చెయ్యి తీసేస్తాడు. అప్పుడు మా ఆయన కళ్ళు మూసుకుని, చూపుడువేలు గాల్లో నిలబెట్టి, "రాడు... రాడు... రాడు..." అంటాడు. ఇల్లంతా ఊపిరి బిగబట్టాలి. పాలు పొంగినా లేవకూడదు. చివరికి సాక్సఫోన్ మూలుగుతుంది. "వచ్చాడు!" అంటాడు, కాశీ నుంచి చుట్టం దిగినట్టు. వచ్చేవాడు టైముకే రావచ్చు కదండీ అంటే, "అందరూ ఎదురుచూసిన చోట వస్తే గొప్పేముందే? ఇంక రాడులే అని ఆశ వదిలేసిన చోట వస్తాడు చూడు, అదీ వాడి గొప్ప" అంటాడు.

ఆ తర్వాత పాడేవాడు అందుకుంటాడు. జలుబు చేసి, ముక్కు దిబ్బడేసి, ఎవరి మీదో అలిగినట్టు ఉంటుంది ఆ గొంతు. సగం పాడతాడు, సగం మాట్లాడతాడు. తాళం నాలుగు లెక్కలో ఉండదు, అయిదులో ఉంటుందట. మా ఆయన ఆ అయిదు లెక్కను కంచం మీద కొడతాడు, బస్సు రాడ్డు మీద కొడతాడు, కూరలబండి మీద కొడితే బండివాడు కసురుకున్నాడు. ఆ చీపురు చప్పుడు వింటే మా నాన్న మగ్గం గుర్తొస్తుందే అంటాడు ఒక్కోసారి. నేను పెడనలో మగ్గాల మధ్య పుట్టిన దాన్ని. మగ్గం చప్పుడు చేస్తే సాయంత్రానికి మూరెడు చీరైనా దిగుతుంది. ఇది నలభై ఏళ్ళు చప్పుడు చేసి చేతి రుమాలు కూడా దించలేదు.

ఇంతాచేసి ఆయన కోరిక ఒక్కటే. ఆ పాటను ఇంకో మనిషి ఆగి, నిలబడి, మొదటి నుంచి చివరిదాకా వినాలి. మెచ్చుకోనక్కర్లేదు, ఆగి వింటే చాలు. బంగారం అడగలేదు, పదవి అడగలేదు. నాకు నవ్వొచ్చేది. మేముండే భవానీపురంలో ఇంతమంది జనం ఉన్నారు, కృష్ణ అవతల ఇంకెంతో మంది ఉన్నారు, ఒక్కడంటే ఒక్కడు దొరకలేదు. కొత్త పెళ్ళికూతురు కదా, కాదనదని మొదట నన్ను కూర్చోబెట్టాడు. నేను పియానో దగ్గరే నిద్రపోయాను. తర్వాత ఆయన స్నేహితుడు హుమాయూన్ గారిని పట్టుకున్నాడు. ఒకే షిఫ్టులో పనిచేసేవాళ్ళు. హుమాయూన్ గారికి గజళ్ళ పిచ్చి. మర్యాదస్తుడు కాబట్టి సగం దాకా కూర్చుని, "బాగుంది పాండూ, పాట ఎప్పుడు మొదలవుతుంది?" అన్నారట. ఆ మాటకి మా ఆయన వారం రోజులు ఆయనతో టీ తాగలేదు. తర్వాత మా అమ్మాయి మాధురి, తర్వాత మాధురి భర్త. అల్లుడు కొత్తలో బుద్ధిగా తల ఊపాడు. తీరా చూస్తే చెవిలో క్రికెట్ కామెంటరీ ఉంది.

ఊరంతా ఒక దారి, ఉలిపికట్టెది ఒక దారి. పక్కింట్లో సినిమా పాట పెడితే కిటికీ మూసేస్తాడు. అదేం పాటే, పల్లవి వచ్చిందాకా ఆగలేరు వెధవలు అంటాడు. పెళ్ళికి పోతే మైకు సెట్టు వాడితో పోట్లాట. తన కుందేలుకి మూడే కాళ్ళు.

కొండపల్లి బొమ్మల సంగతి చెప్పకపోతే ఈ కథ అసంపూర్ణం. డ్యూటీ నుంచి వస్తూ దారి తప్పించుకుని వెళ్ళి, అక్కడొక బొమ్మలాయనకి క్యాసెట్ అట్ట చూపించి, ఈ అయిదుగురినీ చేసిపెట్టమన్నాడు. ఆయన నెలలు తిప్పించుకుని చేశాడు. చూస్తే అయిదుగురికీ పంచెలు, నుదుట బొట్లు. సాక్సఫోన్ వాడి చేతిలో సన్నాయి. మా ఆయన ముఖం చూడాలి మీరు! ఏడవలేడు, నవ్వలేడు. ఆ బొమ్మలాయన ఏమో "పెళ్ళిమేళం సెట్టు బాగా కుదిరిందండీ" అని మురిసిపోయాడట. నేను వాటిని దసరా కొలువులో దశావతారాల కింద మెట్టు మీద పెట్టాను. వచ్చిన పేరంటాళ్ళంతా బాగున్నాయన్నారు. లాంతరు వాళ్ళకి ఈ ఊళ్ళో దక్కిన మెప్పు అదొక్కటే.

ఇంకా ఉంది. ఆ సాక్సఫోన్ వాయించేవాడు పోయిన సంగతి ఈయనకి ఫోన్‌లో ఇంటర్నెట్ వచ్చాక తెలిసింది. వాడు పోయి అప్పటికే ఎన్నో ఏళ్ళయింది. అయినా సరే, విన్న చావుకి మైల ఉంటుందని పొద్దున్నే తలస్నానం చేసి, తడిబట్టలతో వరండాలో నిలబడ్డాడు. "ఏ గోత్రమండీ వారిది?" అని అడిగాను. ఆ రోజు అన్నం కూడా సరిగ్గా తినలేదు. పిచ్చి కుదిరింది, రోకలి తలకు చుట్టమన్నాడట వెనకటికి ఎవడో.

ఇలాంటి మనిషి రిటైరయ్యే రోజు వచ్చింది.

మా వైపు ఉద్యోగి రిటైరైతే ఉత్తినే ఇంటికి పంపరు. దండలు వేసి, శాలువా కప్పి, ఓపెన్ టాప్ జీపులో నిలబెట్టి, ముందు బ్యాండు మేళం పెట్టి ఊరేగింపుగా ఇంటి గుమ్మం దాకా దించిపోతారు. పక్కన భార్య కూడా ఉంటుంది. బ్యాండు వాళ్ళు హుషారైన సినిమా పాటలు వాయిస్తారు, తోటివాళ్ళు ముందు డాన్సులు చేస్తారు. పెళ్ళిలో కూడా అంత మర్యాద జరగదు. నేను ఆ రోజు కోసం గంధం రంగు పట్టుచీర తీసి ఉంచుకున్నాను.

ఈయన ఏం చేశాడంటే, బ్యాండు మాస్టర్ జాన్‌బాబును ఇంటికి పిలిపించాడు. జాన్‌బాబు చర్చిలోనూ, పెళ్ళిళ్ళలోనూ, చావులకీ సాక్సఫోన్ వాయిస్తాడు. మంచి పనివాడు, చెయ్యి తిరిగినవాడు. మా ఆయన అతని ముందు ఆ పాట పెట్టి, "ఊరేగింపంతా ఇదే వాయించాలి. ఇంకోటి వాయించడానికి వీల్లేదు" అన్నాడు.

జాన్‌బాబు మొత్తం విన్నాడు. డబ్బిచ్చే పార్టీ కదా, వినక చస్తాడా. విని, "సార్, ఇది కొంచెం... నిదానంగా ఉందండి. జనం డాన్సు కట్టలేరండి" అన్నాడు.

"డాన్సెందుకయ్యా? వినడానికి."

"అయిదు లెక్కలో అడుగు పడదండి సార్. మా వాళ్ళు నడుస్తా వాయించాలి గదండి."

"మెల్లగా నడవండి. తొందరేముంది?"

డ్రమ్ము మీద కర్రలు పడకూడదన్నాడు. మా ఇంట్లో చీపురే సగం విప్పి, పుల్లలు కట్టకట్టి ఇచ్చాడు, దీంతో వాయించాలని. డోలుకి గుడ్డ చుట్టమన్నాడు. ఆ ఎర్రకోట్లు, జరీ టోపీలు వద్దు, లాంతరు వాళ్ళు అలాంటివి వేసుకునేవాళ్ళు కాదు, తెల్ల చొక్కాలు వేసుకుని రండి అన్నాడు. జాన్‌బాబు నా వంక చూశాడు. నేను పైకి, ఫ్యాను వంక చూశాను.

"ఆ పాట వెనకాల నేను ఊరేగను. వెనక ఆటోలో వస్తాను" అని ఆ రోజే తేల్చి చెప్పేశాను. పట్టుచీర బీరువాలో పెట్టేశాను. ఆయన బతిమాలలేదు. నాలుగు బజార్ల జనం వింటారే అన్నాడు, అంతే.

రిటైరైన రోజు ఏదో పార్టీ ర్యాలీ ఉండి, ఊళ్ళో ఓపెన్ టాప్ జీపులన్నీ అటు పోయాయి. హుమాయూన్ గారు ఎక్కడెక్కడో తిరిగి ఒక చిన్న ట్రాలీ బండి తెచ్చారు. పక్క తలుపులు దించి, చుట్టూ బంతిపూల దండలు కట్టించారు. నిలబడితే మా ఆయనకి నడుం నొప్పి. అందుకని ఫంక్షన్ హాల్ నుంచి ఎత్తు వీపున్న కుర్చీ ఒకటి తెచ్చి బండి మధ్యలో వేశారు. బండి కుదుపుకి కుర్చీ ఊగుతోందని తాడుతో కట్టారు. "పాండూ పడిపోతాడు చెల్లెమ్మా" అని, కప్పిన శాలువానే నడుం చుట్టూ తిప్పి కుర్చీకి ముడేశారు. కాలనీ గుళ్ళో పూజారి గారు ఆశీర్వదించి, నుదుటి నిండా విభూతి పట్టించారు. మెడ మునిగేలా దండలు పడ్డాయి. ఎవరి ప్రేమ వాళ్ళది, ఎవరినీ అనడానికి లేదు.

ఇబ్రహీంపట్నం నుంచి మామూలుగానే వచ్చాం. భవానీపురం మొదట్లో జాన్‌బాబు మేళం ఎదురొచ్చింది. తెల్లచొక్కాలతో రెండు వరసల్లో నిలబడ్డారు. ట్రాలీ ముందు నడక మొదలైంది. తోటి ఉద్యోగులు నాలుగడుగులు డాన్సు చెయ్యబోయారు. అయిదు లెక్కలో కాళ్ళు అడ్డంపడి, ఒకళ్ళ మొహాలు ఒకళ్ళు చూసుకుని, తలలు దించుకుని చేతులు వెనక్కి కట్టుకుని బండి వెనక నడిచారు. డోలు మీద చీపురు స్స్ స్స్ మంటోంది. జాన్‌బాబు సాక్సఫోన్ ఎత్తాడు. ఎండలో ఆ మూలుగు బజారంతా పాకింది. మా ఆయన కళ్ళు మూసుకుని, తల వెనక్కి వాల్చేశాడు.

నేను, మాధురి వెనక ఆటోలో ఉన్నాం. మాధురి ఫోన్‌తో వీడియో తీస్తోంది. ముందు ఒక హార్డ్‌వేర్ షాపు షట్టర్ సగం దిగింది. పక్కన కిరాణా కొట్టు షట్టర్ దిగింది. తర్వాత మందుల షాపు, సెల్‌ఫోన్ల షాపు. ఒకటి చూసి ఒకటి, రెండు పక్కలా గడగడమని దిగుతున్నాయి. కొట్ల వాళ్ళు బయటికొచ్చి చేతులు కట్టుకుని నిలబడ్డారు. స్కూటర్ మీద పోయేవాడు ఆగి హెల్మెట్ తీశాడు. మిరపకాయ బజ్జీల బండివాడు స్టవ్ తగ్గించి దణ్ణం పెట్టాడు.

నాకు ముందు అర్థం కాలేదు. పూలబండి రావమ్మ ఒక దోసెడు చామంతి రేకులు తెచ్చి ట్రాలీ మీద చల్లింది. తిరిగొస్తూ ఆటోలో తల పెట్టి, "ఎవరి తాలూకు అమ్మా? పాపం, ఎట్టా పోయాడు?" అంది.

అప్పుడు అర్థమైంది. చావు వెళ్తుంటే షట్టర్లు సగం దించడం మా బజార్ల మర్యాద. ఇంటిపెద్ద పోతే పాడె మీద పడుకోబెట్టకుండా, విభూతి పెట్టి, కుర్చీలో కూర్చోబెట్టి, కట్టి తీసుకెళ్ళే ఆచారం మా వాళ్ళలో కొన్ని ఇళ్ళల్లో ఉంది. ఈ చుట్టుపక్కల వాళ్ళు అలాంటివి చాలా చూశారు. ఇంకేం కావాలి వాళ్ళకి? పూలు కట్టిన బండి, కుర్చీ, కట్టు, విభూతి, తెల్లబట్టల మేళం, వెనక తల దించుకున్న జనం, అన్నిటికీ మించి ఆ పాట.

"నోర్ముయ్యవే! ఆయన నా మొగుడు. నిక్షేపంలా ఉన్నాడు!" అని అరిచి ఆటో దూకాను. మోకాలు నొప్పి, చెప్పు తెగింది, లెక్కచెయ్యలేదు. పరిగెత్తి ట్రాలీ పట్టుకున్నాను. హుమాయూన్ గారు చెయ్యి అందిస్తే పైకెక్కాను. కొంగు వెనక్కి తోసి, నుదుటి బొట్టు, తల్లో పూలు అందరికీ కనపడేలా కుర్చీ పక్కన నిలబడ్డాను. ఆయన చూపుడువేలు అప్పటికే గాల్లోకి లేచింది. కొట్ల వాళ్ళను ఒక్కొక్కణ్ణీ కళ్ళతోనే కాల్చేశాను. ఇంత బుద్ధి లేదా మీకు? పోయినవాడి వేలు అలా గాల్లో లేచి ఉంటుందా? అంత గుడ్డి జనం ఈ భూమ్మీద ఇంకెక్కడైనా ఉంటారా?

సరిగ్గా అప్పుడే పాట ఆ చోటికి వచ్చింది. మేళం మొత్తం ఆగింది. చీపురు ఒక్కటే ఊడుస్తోంది. బజార్లో చీమ చిటుక్కుమన్నా వినపడేంత నిశ్శబ్దం. మా ఆయన పెదాలు కదిలాయి. "రాడు... రాడు... రాడు..."

జాన్‌బాబు ఊదాడు.

"వచ్చాడు" అన్నాడు మా ఆయన. కళ్ళు తెరిచాడు.

తెరిచి రెండు పక్కలా చూశాడు. సగం దించిన షట్టర్లు, వాటి ముందు చేతులు కట్టుకుని కదలకుండా నిలబడ్డ మనుషులు, ఆగిన స్కూటర్లు. పక్కన నేను. ఆయన కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి.

"చూశావా చౌడేశ్వరీ" అన్నాడు. "బేరాలు ఆపుకుని వింటున్నారే. కొట్లు దించుకుని మరీ వింటున్నారు. నువ్వు కూడా ఎక్కావు."

నా నోరు ఎవరికీ భయపడే నోరు కాదు. మా అత్తగారికి భయపడలేదు, అప్పు ఎగ్గొట్టిన కస్టమర్లకి భయపడలేదు. విని కాదండీ, మిమ్మల్ని శవం అనుకుని అని నాలుక చివరి దాకా వచ్చింది. ఆయన మొహం చూశాను. కాపరానికి వచ్చిన నాటి నుంచి ఆ మొహం మీద అంత సంతోషం నేను చూడలేదు. మాధురి పుట్టినప్పుడు కూడా అంత లేదు. నాకు ఒళ్ళు మండింది, జాలేసింది, రెండూ ఒకేసారి. నోరు మూసుకుని, పడిపోతానేమోనని ఆయన కుర్చీ పట్టుకున్నాను.

ఇంటికి చేరాక జాన్‌బాబును పెరట్లోకి పిలిచాను. "మాకు తెలిసిపోయిందండి అమ్మగారూ. చావులకీ వాయించేవాళ్ళం గదండి. మజ్జలో ఆపితే సారు బాధపడతారని ఆపలేదండి" అన్నాడు. ఎక్కడా నోరు జారొద్దన్నాను. హుమాయూన్ గారు "నా తల మీద ఒట్టు చెల్లెమ్మా" అన్నారు. మాధురి వీడియో ఫ్యామిలీ గ్రూపులో పెట్టబోతుంటే ఫోన్ లాక్కున్నాను. అందులో రావమ్మ మాట స్పష్టంగా వినపడుతోంది. దగ్గరుండి చెరిపించాను. ఈయన వీడియో ఏదమ్మా అంటే, ఫోన్‌లో చోటు చాలక సేవ్ కాలేదు నాన్నా అని పిల్ల చెప్పింది. నాన్న మొహం చిన్నబోయినందుకు నా మీద రెండు రోజులు అలిగింది.

ఇక ఆ తర్వాత చూడాలి ఈయన గొప్ప. పాలవాడికి చెప్పాడు, గ్యాసు వాడికి చెప్పాడు, చీరల కోసం వచ్చిన ఆడవాళ్ళను వరండాలో ఆపి చెప్పాడు. "షట్టర్లు దించేశారండీ! మన జనానికి చెవులు లేవని ఇన్నాళ్ళు పొరపాటు పడ్డాను" అని. ఎవరికైనా పెదవి మీద నవ్వు కదిలితే నేను చీర మడత మీంచి తలెత్తి చూసేదాన్ని. ఆ చూపుకి నవ్వు వెనక్కి పోయేది. ఆయన మారాడు కూడా. పక్కింటి సినిమా పాటకి కిటికీ మూయడం మానేశాడు. పోనీలే పాపం, వాళ్ళ పాట వాళ్ళది అనేవాడు.

అలా కొన్ని నెలలు గడిచాయి. ఒక రోజు పొద్దున కుళాయి వాషర్ కోసం అదే హార్డ్‌వేర్ షాపుకి వెళ్ళాడు. వెళ్ళిన మనిషి వాషర్ లేకుండా వచ్చాడు. చెప్పులు విప్పి, కాళ్ళు కడుక్కుని, కుర్చీలో కూర్చున్నాడు. ఏమైందండీ అంటే ఏం లేదన్నాడు. ఆ సాయంత్రం పాట పెట్టలేదు. మర్నాడు కూడా పెట్టలేదు. కంచం మీద వేళ్ళు కదల్లేదు. మా వజీరా, అంటే హుమాయూన్ గారి భార్య, చీర చూడ్డానికి వచ్చి, నిన్న పొద్దున్న ఆ బజారులో ఎవరిదో శవం వెళ్ళిందని మాటల్లో చెప్పింది. నేను చీరలు మూటకట్టేసి, బేరం రేపు చూద్దాం వజీరా అన్నాను.

ఈయన షాపులో నిలబడి ఉండగానే శవం వచ్చి ఉంటుంది. ఈయన కళ్ళముందే ఆ షట్టర్ సగానికి దిగి ఉంటుంది. పుట్టిన దగ్గర్నుంచీ చూస్తున్న మర్యాదే, తెలియనిదేం కాదు. తన విషయంలో గుర్తు చేసుకోవాలనిపించలేదు, అంతే.

నలభై ఏళ్ళు ఆ పాట ఆగితే బాగుండని మొక్కుకున్న దాన్ని. ఆగితే ఇల్లు ఇంత భయంగా ఉంటుందని నాకు తెలియదు. వంటింట్లో గిన్నె పెట్టిన చప్పుడు కూడా పెద్దగా వినపడుతోంది. ఆ మనిషి వరండాలో కూర్చుని రోడ్డు వంక చూస్తుంటే, నిజంగానే ఎవరో ఆ కుర్చీలో కట్టి పెట్టినట్టుంది.

మూడో రోజు నేను చిక్కుళ్ళు వలుస్తుంటే వచ్చి ఎదురుగా పీట మీద కూర్చున్నాడు.

"చౌడేశ్వరీ, నిజం చెప్పు. ఆ రోజు వాళ్ళు షట్టర్లు ఎందుకు దించారు?"

నేను తలెత్తలేదు. "ఎందుకేమిటి? మీ దిక్కుమాలిన పాట కోసం."

"చావు అనుకున్నారేమో."

"చావుకి దించితే శవం దాటగానే ఎత్తేస్తారు. వాళ్ళు మనం మలుపు తిరిగిందాకా నోళ్ళు తెరుచుకుని నిలబడ్డారు. నేను బండి మీంచి వెనక్కి తిరిగి చూశాను కదా. ఆ హార్డ్‌వేర్ వాడైతే తల కూడా ఊపాడు, బుద్ధి లేని వెధవ. అంత తల ఊపడానికి ఏముందో అందులో!"

ఆయన నా మొహంలోకి చూస్తూ కూర్చున్నాడు. నేను చిక్కుడుకాయ ఈనె తీస్తూనే ఉన్నాను.

"మరి నువ్వు బండెక్కావు కదా. నీకు నచ్చిందా?"

"నచ్చడమా? గేదె దూడను వెతుక్కున్నట్టుంది. ఎండలో మీకు కళ్ళు తిరుగుతాయేమోనని ఎక్కాను. మీ లాంతరు వాళ్ళు నాకు ఆ రోజూ నచ్చలేదు, ఈ రోజూ నచ్చలేదు, నేను పోయిన రోజు కూడా నచ్చరు."

ఆయన మొహం మెల్లగా విచ్చుకుంది. నవ్వాడు. మూడు రోజుల తర్వాత నవ్వాడు. నచ్చిందని ఒక్క మాట అని ఉంటే ఆయనకి అంతా తెలిసిపోయేది. నలభై ఏళ్ళు ఆ పాటను తిట్టిన నోరు కాబట్టి, ఆ నోరు చెప్పిన అబద్ధం నమ్మాడు.

"గాడిదకేం తెలుసు గంధపు చెక్కల వాసన" అంటూ లేచి లోపలికి వెళ్ళాడు. కాసేపటికి పియానో మొదలైంది. తర్వాత చీపురు. "రాడు... రాడు..." అని ఆయన గొంతు వినపడింది. నేను చిక్కుళ్ళ పళ్ళెం ఒళ్ళో పెట్టుకుని, చెయ్యి ఆపేసి, వాడు వచ్చిందాకా కూర్చున్నాను.

వచ్చాడు.

"ఆ సౌండు తగ్గించండి, చెవులు పగిలిపోతున్నాయి!" అని అక్కణ్ణుంచే గట్టిగా అరిచాను. అరవకపోతే ఆయనకి అనుమానం వస్తుంది.